లాలా లజపతి రాయ్‌ను మాండలేకు పంపిన కోర్టు ఏది?

గోదారి టీచరమ్మ

అందరికీ నమస్కారం. పశ్చిమ గోదావరిలో ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. జాతీయోద్యమం పాఠం నడుస్తుండగా ఒక పిల్లవాడు లేచి ఇలా అడిగాడు: "తిలక్‌కు ఆరేళ్ల శిక్ష వేసింది బొంబాయి హైకోర్టు అన్నారు కదా టీచర్, మరి లజపతి రాయ్‌కు వేసింది ఏ కోర్టు? ఎన్నేళ్లు వేసింది?" ఇద్దరూ బర్మాలోని మాండలేకే వెళ్లారు కాబట్టి వాడి సందేహం న్యాయమైనదే. మా పుస్తకంలో ఉన్నది ఒక్క వాక్యం: 1907లో ప్రభుత్వం ఆయనను మాండలేకు ప్రవాసం పంపింది. కోర్టు పేరు లేదు, సెక్షను లేదు, శిక్షాకాలం లేదు.

ఇంకో రెండు పుస్తకాలు తిరగేసినా ఇంతకు మించి దొరకలేదు. ఈ ప్రవాసం ఏ చట్టం ప్రకారం జరిగింది? దాని పద్ధతి ఏమిటి? మన మద్రాసు రాజధానిలో కూడా ఇలాంటి చట్టం ఉండేదా? తెలిసినవారు వివరంగా చెబితే సోమవారం పిల్లలకు చెప్పగలను.

రైలుకట్ట రామం

టీచరు గారూ, ఏ కోర్టూ కాదండీ. 1818 నాటి బెంగాల్ మూడో రెగ్యులేషన్ అని కంపెనీ పాలన నాటి చట్టం ఒకటుంది, దాని కింద పంపారు. తిలక్‌ది పూర్తిగా వేరే దారి. ఆయనపై రాజద్రోహం నేరం మోపి, జూరీ ముందు విచారించి, 1908 జులైలో జస్టిస్ దావర్ ఆరేళ్ల ద్వీపాంతరవాసం విధించారు. లజపతి రాయ్‌పై విచారణే జరగలేదు. ఇంతకంటే లోతుగా నాకు తెలియదు. ఇక్కడ పాత ప్లీడరు గారు ఉన్నారు, ఆయన చెబితే బాగుంటుంది.

పాత ప్లీడరు, రాజమండ్రి

అమ్మా, మీ విద్యార్థికి నా ఆశీస్సులు చెప్పండి. బారులో నాతోటి వాళ్లు కూడా అడగని ప్రశ్న అది. నేను వృత్తిలో ఉన్నన్నాళ్లూ నిర్బంధ చట్టాల కేసులు చూశాను కాబట్టి ఆ రెగ్యులేషన్‌ను అక్షరం అక్షరం చదివాను. చదివిన ప్రతిసారీ కోపం వచ్చింది. ఆ కోపం దాచుకుని రాయడం నాకు చేతకాదు.

అది 1818 ఏప్రిల్ 7న వచ్చింది. దాని పీఠిక చూడండి. మిత్రరాజ్యాలతో ఒప్పందాలు నిలుపుకోవడానికి, సంస్థానాల్లో ప్రశాంతత కోసం, బయటి శత్రువుల నుంచీ లోపలి అలజడి నుంచీ బ్రిటిష్ రాజ్యాన్ని కాపాడుకోవడానికి అప్పుడప్పుడు కొందరిని నిర్బంధించవలసి వస్తుందని మొదలవుతుంది. ఇంతవరకు ఏ ప్రభుత్వమైనా చెప్పే మాటే. తర్వాతి మాట ముఖ్యం. ఎవరిమీద కోర్టు విచారణ జరపడానికి తగిన ఆధారం లేదో వారిని, లేదా విచారణ ఆ వ్యవహారానికి నప్పదని, మరే కారణం చేతనైనా అది తగదని ప్రభుత్వం అనుకుంటే వారినీ నిర్బంధించవచ్చు. ఆధారం లేకపోవడాన్ని అడ్డంకిగా కాక అర్హతగా రాసుకున్నారు! అందుకే అధికారులు చట్టాన్ని దుర్వినియోగం చేశారు అని పిల్లలకు చెప్పకండి. చట్టం ఏం చేయడానికి పుట్టిందో అదే చేసింది.

ఇక పద్ధతి. వారంటు నమూనా ఆ రెగ్యులేషన్‌లోనే అచ్చువేసి ఉంది. దాని సారం ఇది: తగినన్ని మంచి కారణాల వల్ల ఫలానా వ్యక్తిని ఫలానా చోట నిర్బంధంలో ఉంచాలని గవర్నర్ జనరల్ కౌన్సిల్‌తో కూడి నిర్ణయించారు గనుక, ఆ వ్యక్తిని మీ ఆధీనంలోకి తీసుకుని ఈ రెగ్యులేషన్ ప్రకారం వ్యవహరించవలసింది. ఖాళీలు మనిషి పేరుకూ స్థలం పేరుకూ మాత్రమే. నేరం పేరు రాయడానికి చోటు లేదు, గడువు రాయడానికి చోటు లేదు. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి సంతకం పడితే చాలు, కోట అధికారో జైలు అధికారో ఆ కాగితం చూసి తలుపు వేసేయవచ్చు. మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడం, అభియోగం వినిపించడం, సాక్షులను పిలవడం, ఇవేవీ లేవు.

పేరుకు కొన్ని రక్షణలు పెట్టారు. బందీని కాపలా కాసే అధికారి ఏటా జనవరి 1న, జులై 1న అతని ప్రవర్తన, ఆరోగ్యం, వసతి గురించి ప్రభుత్వానికి నివేదిక పంపాలి. బందీ అర్జీ పెట్టుకుంటే పైకి పంపాలి. అతని హోదాకు తగినట్టు అతనికీ కుటుంబానికీ భత్యం సరిపోతోందా అని చూడాలి. ఇవన్నీ వెళ్లేది ఎవరి దగ్గరికి? వారంటు మీద సంతకం చేసిన ప్రభుత్వం దగ్గరికే. జమీందారు అయితే కోర్టు తీర్పు లేకుండానే ఎస్టేటు జప్తు చేసుకునే వీలు కూడా అదే రెగ్యులేషన్‌లో ఉంది.

ఇప్పుడు 1907కు వద్దాం. పంజాబులో కాలువ నీటితో సాగయ్యే కొత్త కాలనీల భూములపై ఆంక్షలు పెట్టే బిల్లు మీద, బారీ దోఆబ్ కాలువ నీటితీరువా పెంపు మీద రైతులు మండిపడుతున్నారు. మే మొదట్లో రావల్పిండిలో అల్లర్లు జరిగాయి. 1857కు సరిగ్గా యాభై ఏళ్లు నిండుతున్న నెల అది. లెఫ్టినెంట్ గవర్నర్ ఇబ్బెట్సన్‌కు దీని వెనుక లజపతి రాయ్ ఉన్నారని గట్టి నమ్మకం. వైస్రాయి మింటో ఒప్పుకున్నారు, లండనులో భారత వ్యవహారాల మంత్రి మోర్లే సమర్థించారు. మే 9న లాహోరులో ఆయనను పట్టుకున్నారు. ఆయన స్వయంగా ప్లీడరు, చీఫ్ కోర్టులో వాదించే మనిషి. అలాంటి మనిషిని ఏ కోర్టు గుమ్మమూ ఎక్కించకుండా, లాహోరు నుంచి రైలెక్కించి, ఓడెక్కించి, వారం తిరిగేసరికి మాండలే కోటలో పెట్టారు. జూన్ మొదట్లో రైతు ఉద్యమ నాయకుడు అజిత్ సింగ్‌ను కూడా అక్కడికే తరలించారు.

మాండలే ఎందుకు అని పిల్లలు అడగవచ్చు. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. కాబట్టి కాగితం మీద ఆయనను దేశం దాటించినట్టు కాదు, తమ పాలనలోనే ఒక చోట నిర్బంధించినట్టు. కానీ లాహోరు మనిషికి అక్కడి భాష రాదు, మనుషులు తెలియరు, ఇంటివాళ్లు వెళ్లి చూసే వీలు లేదు. చట్టరీత్యా స్వదేశం, బతుకురీత్యా పరదేశం.

గోదారి టీచరమ్మ

ప్లీడరు గారూ, చాలా కృతజ్ఞతలు. వారంటులో నేరం పేరుకు చోటే లేదన్న మాట దగ్గర కాసేపు అలాగే ఉండిపోయాను. ఇంకో సందేహం. ఇంటివాళ్లు హైకోర్టుకు వెళ్లి, బందీని కోర్టు ముందు హాజరుపరచి నిర్బంధానికి కారణం చెప్పమనే హెబియస్ కార్పస్ వేయవచ్చు కదా? ఆయన చుట్టూ అంతమంది వకీళ్లు ఉండగా ఎందుకు వేయలేదు?

పాత ప్లీడరు, రాజమండ్రి

ఆ తలుపు అంతకు ముందే మూసుకుపోయిందమ్మా. 1869లో అమీర్ ఖాన్ అనే ముస్లిం వర్తకుణ్ని వహాబీల కుట్రకు సాయం చేశాడన్న అనుమానంతో కలకత్తాలో ఇదే రెగ్యులేషన్ కింద పట్టుకున్నారు. అతని తరఫున ఆన్‌స్టీ అనే బారిస్టరు కలకత్తా హైకోర్టులో హెబియస్ కార్పస్ కోసం వాదించారు. బ్రిటిష్ రాణి ప్రజలకు ఉన్న హక్కును ఒక రెగ్యులేషన్ తీసేయలేదన్నది ఆయన వాదన. 1870లో జస్టిస్ నార్మన్ ఒప్పుకోలేదు. 1818 రెగ్యులేషన్, దాని పరిధిని పెంచిన 1850, 1858 చట్టాలు చెల్లుతాయని తీర్పు చెప్పారు. వారంటు సక్రమంగా ఉందా లేదా అన్నదానికి మించి కోర్టు లోపలికి చూడదని తేలిపోయింది. ఆ తీర్పు తెలిసిన ఏ వకీలైనా లజపతి రాయ్ విషయంలో ఏమంటాడు?

ఆయన చేయగలిగింది ఆయన చేశారు. నా మీద నేరం ఏమిటో చెప్పండి అని మాండలే నుంచి వైస్రాయికి అర్జీలు పెట్టారు. చెప్పలేదు. నవంబరులో విడిచిపెట్టినప్పుడు కూడా చెప్పలేదు. ఇంతకీ ఆ కాలనీల బిల్లును మే నెలాఖరులో మింటోనే తోసిపుచ్చారు. అంటే రైతుల ఫిర్యాదు న్యాయమైనదేనని ఒప్పుకున్నట్టే. ఫిర్యాదు చేసిన మనిషి మాత్రం ఇంకో అయిదు నెలలకు పైగా లోపలే ఉన్నారు.

బెజవాడ పాఠకుడు

ప్లీడరు గారి మీద గౌరవంతోనే ఒక మాట. 1818 నాటికి పిండారీ దోపిడీ ముఠాల దండయాత్రలు, మరాఠా యుద్ధం జరుగుతున్నాయి. ఓడిపోయిన రాజులను, సర్దారులను ఏ కోర్టులో నిలబెడతారు? అప్పటి రాజులైతే తల తీసేవారు. వీళ్లు భత్యం ఇచ్చి, ఆరు నెలలకోసారి ఆరోగ్యం విచారించి, మర్యాదగా ఒక కోటలో ఉంచారు. ఆ కాలపు కొలతలతో చూస్తే అది మెరుగైన పద్ధతే కదా? ఇవాళ్టి రాజ్యాంగం కళ్లతో చూడటం సరికాదేమో.

పాత ప్లీడరు, రాజమండ్రి

అయ్యా, మీ ప్రశ్నకు తప్పించుకోకుండా జవాబు చెబుతాను. ఓడిపోయిన సర్దారుల కోసమే ఆ రెగ్యులేషన్ రాశారన్నది నిజం. భత్యం, హోదా అన్న మాటలు అందుకే వచ్చాయి. కానీ ఆ కాలపు కొలత అన్నారు కదా, ఆ కొలతే తీసుకుందాం. ఇంగ్లండులో హెబియస్ కార్పస్ చట్టం వచ్చింది 1679లో. ఇంగ్లండు నివాసిని బందీగా సముద్రం దాటించి పంపకూడదని ఆ చట్టంలోనే ఒక సెక్షను ఉంది. ఈ రెగ్యులేషన్‌కు నూట ముప్పై తొమ్మిదేళ్ల ముందు మాట! తమ దేశంలో తప్పని రాసుకున్నదాన్ని మన దేశంలో సరేనని రాసుకున్నారు. నేను తూచింది వాళ్ల తూనికరాళ్లతోనే.

రెండోది. 1907లో పంజాబులో పిండారీలు లేరు, కోర్టులు ఉన్నాయి. ఆ రావల్పిండి అల్లర్ల కేసులోనే కొందరు వకీళ్లను అరెస్టు చేసి విచారణకు నిలబెట్టారు. అదే ఏడాది నిర్దోషులని విడుదలయ్యారు. లజపతి రాయ్ సిపాయిలను రెచ్చగొట్టారని కలకత్తాలోని ఇంగ్లీష్‌మన్ పత్రిక రాస్తే, ఆయన తిరిగి వచ్చాక పరువునష్టం దావా వేశారు. పత్రిక నష్టపరిహారం ఇవ్వాలని కలకత్తా హైకోర్టు తీర్పు చెప్పింది. ఆయన మీద వచ్చిన ఆరోపణ కోర్టు మెట్లెక్కింది అక్కడ, ఎక్కించింది ఆయనే.

మన కాకినాడనే తీసుకోండి. అదే 1907 మే 31న, వందేమాతరం అన్నందుకు కొంపెల్ల కృష్ణారావు అనే కుర్రవాణ్ని కెంప్ అనే తెల్ల డాక్టరు చావబాదితే జనం తెల్లవాళ్ల క్లబ్బు మీద పడ్డారు. అరెస్టులు చేశారు, కోర్టులో కేసు నడిపారు. అంటే కోర్టుతో పని జరగదన్నది అబద్ధం. సాక్ష్యం దొరికిన చోట కోర్టు, దొరకని చోట రెగ్యులేషన్. అంతే తేడా.

గోదారి టీచరమ్మ

కాకినాడ సంగతి చెప్పారు, మా పిల్లలకు ఇది బాగా పట్టుకుంటుంది. ఆ వసంతంలో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చారనీ, ఆయన ఉపన్యాసాన్ని చిలకమర్తి వారు తెలుగులో చెప్పారనీ పాఠంలో ఉంది. లజపతి రాయ్ అరెస్టుకూ దానికీ ఏమైనా సంబంధం ఉందా?

పాత ప్లీడరు, రాజమండ్రి

ఉందమ్మా. పాల్ గారు ఏప్రిల్‌లో విశాఖ, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, బందరు తిరిగి మద్రాసు చేరారు. అక్కడ సముద్రపు ఒడ్డున వేలమంది ముందు వరుసగా ఉపన్యసిస్తుండగా లజపతి రాయ్‌ను పట్టుకుపోయారన్న వార్త వచ్చింది. మిగతా ఉపన్యాసాలు మానుకుని ఆయన కలకత్తాకు బయలుదేరారు. మా ఊళ్లో ట్రెయినింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బిళ్లలు పెట్టుకున్నందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని వెళ్లగొట్టింది కూడా ఆ రోజుల్లోనే. లాహోరు ఎక్కడో దూరంగా ఉన్న ఊరని పిల్లలు అనుకోకుండా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పండి.

వేలూరు తెలుగువాడు

మద్రాసు రాజధాని సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. పుట్టి పెరిగింది వేలూరులో, కోట గోడ పక్కనే ఆడుకున్నవాణ్ని.

బెంగాల్ రెగ్యులేషన్ వచ్చిన మరుసటి ఏడే, 1819లో, మద్రాసు రెండో రెగ్యులేషన్ వచ్చింది. అదే అచ్చు, గవర్నర్ జనరల్ బదులు మద్రాసు గవర్నరు. బొంబాయిలో 1827 నాటి ఇరవై అయిదో రెగ్యులేషన్. అయితే ఈ చట్టాలు లేకముందు కూడా పంపడం ఆగలేదు. 1794లో విజయనగరం చిన విజయరామరాజును నెలకు 1,200 రూపాయల భత్యం తీసుకుని బందరు వెళ్లి ఉండమని మద్రాసు ప్రభుత్వం ఆజ్ఞాపించింది. ఏ విచారణ? ఏ చట్టం? రాజు బందరు పోలేదు, పద్మనాభం దగ్గర విడిది చేశాడు. జులై 10న కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన మీదపడింది, రాజు అక్కడే నేలకొరిగాడు. మన తెలుగు నేల మీద ప్రవాసపు ఆజ్ఞ కథ అది, పాఠాల్లో యుద్ధం మాత్రమే చెబుతారు.

మా ఊరి కోటకు వచ్చిన బందీ ఇంకొకరు. సింహళంలోని కండి రాజ్యపు చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు. ఆయనది మధుర నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్న నాయక్కర్ వంశం. 1815లో ఆయనను పట్టుకున్నాక, మార్చి 2న కండి ప్రధానులతో బ్రిటిష్ వారు చేసుకున్న ఒప్పందంలో ఒక నిబంధన ఉంది: ఆ రాజు మగ బంధువులంతా రాజ్యానికి శత్రువులు, అనుమతి లేకుండా కండి ప్రాంతంలో అడుగుపెడితే సైనిక చట్టం కింద శిక్ష. ఒక కుటుంబాన్ని దేశం నుంచి తుడిచేయడానికి ఒప్పందంలో ఒక పేరా సరిపోయింది. 1816లో రాజును వేలూరు తెచ్చారు, 1832లో ఇక్కడే చనిపోయాడు. ఊళ్లో పాలారు పక్కన ఆయన సమాధి ఉంది. సింహళం నుంచి వచ్చినవాళ్లు పూలు పెట్టి పోతుంటారు, మనవాళ్లలో ఆ చోటు తెలిసినవారు తక్కువ.

రైలుకట్ట రామం

తెల్లవాళ్లను కూడా పంపేవారా? ఎక్కడో చదివిన గుర్తు.

పాత ప్లీడరు, రాజమండ్రి

పంపేవారు, కానీ పద్ధతి వేరు. కంపెనీ రోజుల్లో ఇంగ్లీషువాడు ఇక్కడ ఉండాలంటే లైసెన్సు కావాలి. కలకత్తా జర్నల్ సంపాదకుడు బకింగ్‌హామ్ ప్రభుత్వాన్ని విమర్శిస్తున్నాడని 1823లో తాత్కాలిక గవర్నర్ జనరల్ ఆడమ్ ఆ లైసెన్సు రద్దుచేసి ఓడెక్కించాడు. కోటలో పెట్టలేదు, ఇంటికి పంపారు. లండను చేరాక ఆయన దానిమీద ఏళ్ల తరబడి పోరాడాడు, పార్లమెంటు సభ్యుడు కూడా అయ్యాడు. 1919 ఏప్రిల్‌లో బాంబే క్రానికల్ సంపాదకుడు హార్నిమన్‌ను కూడా అలాగే ఇంగ్లండుకు పంపేశారు, ఈసారి యుద్ధకాలపు డిఫెన్స్ ఆఫ్ ఇండియా నిబంధనల కింద. తెల్లవాణ్ని పంపితే వాడు తన దేశానికి చేరతాడు. మనవాణ్ని పంపితే తన దేశానికి దూరమవుతాడు.

గోదారి టీచరమ్మ

వేలూరు గారికీ ధన్యవాదాలు. ఆ సమాధి చూడటానికి పిల్లలను తీసుకురావాలని ఉంది. ఆఖరి ప్రశ్న, లజపతి రాయ్ తర్వాత కూడా ఈ రెగ్యులేషన్లు వాడారా? ఎప్పటివరకు?

పాత ప్లీడరు, రాజమండ్రి

వాడటం కాదమ్మా, అలవాటు చేసుకున్నారు. 1908 డిసెంబరులో బెంగాల్‌లో ఒకేసారి తొమ్మిదిమందిని ఎత్తుకుపోయారు. బారిసాల్‌లో పిల్లలకు చదువు చెప్పుకునే అశ్వినీకుమార్ దత్‌ను లక్నోకు, సంజీవని పత్రిక సంపాదకుడు కృష్ణకుమార్ మిత్రాను ఆగ్రాకు. 1910 ఫిబ్రవరి దాకా వదల్లేదు. ఈ పద్ధతి మీద బ్రిటిష్ పార్లమెంటులోనే మెకర్నెస్ వంటి సభ్యులు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. ఉదారవాదిగా పేరున్న మోర్లే ప్రతిసారీ ఈ రెగ్యులేషన్‌ను వెనకేసుకొచ్చారు. ఆ మనిషి రాసిన పుస్తకాలు చదివి స్వేచ్ఛ అంటే ఏమిటో నేర్చుకున్న భారతీయులు ఎంతమందో! వాళ్లకు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. 1924 అక్టోబరులో సుభాష్ చంద్ర బోస్‌ను పట్టుకుని, మరుసటి జనవరిలో మాండలే పంపారు. 1927 మేలో ఆరోగ్యం చెడి బయటికి వచ్చారు. ఆయన మీదా విచారణ జరగలేదు.

1930 మే 5న దండి దగ్గరి కరాడీలో అర్ధరాత్రి దాటాక గాంధీజీని అరెస్టు చేసింది బొంబాయి 1827 రెగ్యులేషన్ కింద. వచ్చిన జిల్లా మేజిస్ట్రేటును వారంటు చదివి వినిపించమని ఆయన అడిగారు. మోహన్‌దాస్ కరమ్‌చంద్ గాంధీ కార్యకలాపాలను గవర్నరు ఆందోళనతో గమనిస్తున్నారు గనుక, ప్రభుత్వానికి ఇష్టమైనంత కాలం నిర్బంధంలో ఉంచి వెంటనే యరవాడ జైలుకు తరలించాలి అని అందులో ఉంది. ఉప్పు చట్టం మాట ఎత్తలేదు. ఆయన ఉప్పు వండి చట్టం మీరింది లోకమంతా చూసింది, సాక్షులకు కొదవ లేదు. అయినా కోర్టుకు తీసుకెళ్లలేదు. 1922లో అహ్మదాబాదు కోర్టులో ఆయన్ను మాట్లాడనిచ్చినప్పుడు ఏమైందో వాళ్లకు గుర్తుంది. 1932 జనవరిలో మళ్లీ అదే రెగ్యులేషన్.

పిల్లలకు చెప్పేటప్పుడు నల్లబల్ల మీద రెండు వరుసలు గీయండి. ఒకదానిలో తిలక్, మన గాం మల్లుదొర. మల్లుదొర మన్యం పోరాటం తర్వాత కోర్టు శిక్షతో అండమాను వెళ్లి, తిరిగి వచ్చి 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికైనవాడు. ఆ శిక్షలు అన్యాయమే కావచ్చు, కానీ అభియోగం ఉంది, వాదన ఉంది, తీర్పు కాగితం ఉంది. రెండో వరుసలో లజపతి రాయ్, అజిత్ సింగ్, అశ్వినీకుమార్ దత్, బోస్, 1930 నాటి గాంధీ. కోర్టు పేరు అన్న గడి దగ్గరికి వచ్చేసరికి రెండో వరుసంతా ఖాళీగా ఉంటుంది. దాన్ని అలాగే వదిలేయండి. మిగతాది మీ విద్యార్థులే అడుగుతారు. వాళ్లు ఏమడిగారో సోమవారం సాయంత్రం ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.